బొమ్మలు పంపకండి: ఒక పాత మర్యాద కథ

పాత యూజ్‌నెట్ ఉత్తరాలు తిరగేసే అలవాటున్నవాళ్ళకి ఈ దృశ్యం బాగా తెలిసే ఉంటుంది. తోటపని గురించో, టెలిస్కోపుల గురించో నలుగురు మాట్లాడుకుంటూ ఉంటారు. మధ్యలో ఒక కొత్త మనిషి ఉత్తరం వస్తుంది. మొదటి రెండు వాక్యాలు మామూలుగానే ఉంటాయి. ఆ తర్వాత ‘బిగిన్ 644’ అని మొదలై ఒక ఫైలు పేరుతో ముగిసే లైను. దాని కింద వందలు, ఒక్కోసారి వేల లైన్లు. దాదాపు ప్రతి లైనూ ఇంగ్లీషు పెద్ద ‘ఎం’ అక్షరంతో మొదలవుతుంది, అర్థంలేని గుర్తులతో అరవై అక్షరాల దాకా సాగి ఆగిపోతుంది. చివర్న ‘ఎండ్’. ఇక అక్కణ్ణుంచి తిట్లు.

ఆ మనిషి చేసిన నేరం, తన తోటలో పూసిన పువ్వు ఫోటో అందరికీ చూపించాలనుకోవడం.

మొదటిసారి ఇలాంటి తిట్లు చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. పొద్దున్న లేస్తే ఫోనులో యాభై పువ్వుల ఫోటోలు పలకరించే కాలం మనది. ఒక్క ఫోటోకి ఇంత రాద్ధాంతమా అనిపించింది. కొన్నాళ్ళు ఆ గుంపుల్లో తిరిగాక, ఇది చాదస్తం కాదని, దీని వెనక ఒక లెక్క ఉందని అర్థమైంది. ఇంకొన్నాళ్ళకి, ఆ లెక్కలో మన తెలుగు ఎక్కడుందో కూడా అర్థమైంది. ఆ రెండు సంగతులూ చెప్పడానికే ఈ వ్యాసం.

బేరింగు ఉత్తరం

యూజ్‌నెట్ పుట్టుక 1979లో. డ్యూక్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న టామ్ ట్రస్కాట్, జిమ్ ఎలిస్ దాన్ని ఊహించారు. పక్కనే ఉన్న నార్త్ కరొలైనా విశ్వవిద్యాలయంలో స్టీవ్ బెలోవిన్ మొదటి ప్రోగ్రామును షెల్ స్క్రిప్టులో రాశాడు. మరుసటేడు అది మిగతా యూనిక్స్ ప్రపంచానికి తెలిసింది.

దీనికి మధ్యలో కూర్చుని అన్నీ చూసుకునే కంప్యూటరంటూ ఏదీ లేదు. ఒక కాలేజీ కంప్యూటరు రాత్రిపూట, ఫోను రేట్లు తగ్గాక, ఇంకో కాలేజీ కంప్యూటరుకి ఫోను చేస్తుంది. తన దగ్గరున్న కొత్త ఉత్తరాలన్నీ దానికి ఇస్తుంది, దాని దగ్గరున్నవి తను తీసుకుంటుంది. అది మరో దానికి ఫోను చేస్తుంది. ఇలా ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి మారుతూ, ఒక ఉత్తరం కొన్ని రోజుల్లో అన్ని చోట్లకీ చేరుతుంది. చేరిన ప్రతి చోటా దానికొక నకలు.

మరి ఆ ఫోను బిల్లు ఎవరు కట్టాలి? రాసినవాడు కాదు. వాడు తన కంప్యూటరు దాకానే పంపాడు. ఆ తర్వాత ప్రతి అంచె ఖర్చూ ఆ అంచెలో ఉన్నవాళ్ళదే. ఇందులో ఎవరూ ఎవరికీ డబ్బు అడగరు.

మన పెద్దవాళ్ళకి బేరింగు ఉత్తరం అంటే తెలుసు. స్టాంపు అంటించకుండా పోస్టు డబ్బాలో వేస్తే, అవతలివాళ్ళు డబ్బులు కట్టి తీసుకోవాలి. కాన్పు కబురో, చావు కబురో అయితే ఎవరూ ఏమీ అనుకోరు. ఊరికే కులాసా కబుర్లు బేరింగులో రాస్తే ఊరుకోరు. యూజ్‌నెట్‌లో ప్రతి ఉత్తరమూ బేరింగు ఉత్తరమే, అదీ ఒకరికి కాదు, కొన్ని వందల చోట్లకి.

ఈ సంగతి రాసేవాడికి గుర్తుచెయ్యడానికి ఒక ఏర్పాటు కూడా ఉండేది. తర్వాత పెర్ల్ భాషతో పేరు తెచ్చుకున్న లారీ వాల్, 1984లో ఆర్‌ఎన్ అనే న్యూస్ చదివే ప్రోగ్రాము రాశాడు. దాంతోపాటు వచ్చే ప్రోగ్రాముతో ఉత్తరం వెయ్యబోతే, ముందు ఒక హెచ్చరిక కనిపించేది: ఇది కొన్ని వేల కంప్యూటర్లకి వెళ్తుంది, అందరికీ కలిపి వందల డాలర్లు, వేల డాలర్లు కూడా ఖర్చు కావచ్చు, నిజంగా పంపాలనే అనుకుంటున్నారా అని. అవును అని కొడితేనే కదిలేది. ఇప్పుడు మన ప్రోగ్రాములు పంపమని బతిమాలుతున్నాయి. అది పంపేముందు ఆగమని అడిగేది.

ఒక ఫోటో, డెబ్భై ఉత్తరాలు

ఇక ఫోటో లెక్క చూద్దాం. ఆ దారుల మీద నమ్మకంగా నడిచేవి ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, కొన్ని గుర్తులు మాత్రమే. బొమ్మ ఫైలులో ఉండే బైట్లు యథాతథంగా పంపితే మధ్యలో ఎక్కడో ఒకచోట పాడవుతాయి. అందుకని బొమ్మకి అక్షరాల వేషం వెయ్యాలి. ఆ వేషం పేరు యూయూఎన్‌కోడ్. 1980 ప్రాంతంలో బర్క్‌లీలో మేరీ ఆన్ హార్టన్ తయారుచేసింది. మూడు బైట్లని నాలుగు అక్షరాలుగా మారుస్తుంది. లైనుకి 45 బైట్లు. ఆ 45 అనే అంకెకి గుర్తే లైను మొదట్లో కనిపించే ‘ఎం’. వేషం వేసేసరికి ఫైలు మూడో వంతు పైగా బరువెక్కుతుంది.

100 కిలోబైట్ల ఫోటో అనుకోండి. వేషంతో అది దాదాపు 138 కిలోబైట్లు. 1200 మోడెం మీద సెకనుకి 120 అక్షరాలు వెళ్తాయి కాబట్టి, ఒక అంచె దాటడానికి 19 నిమిషాలు. రెండు కిలోబైట్ల మామూలు ఉత్తరానికి 17 సెకన్లు చాలు. అంటే ఒక పువ్వు ఫోటో సుమారు డెబ్భై ఉత్తరాల బరువు. ఆ 19 నిమిషాల ఫోను బిల్లు ప్రతి అంచెలోనూ ఎవరో ఒకరు కడతారు, పువ్వు మీద వాళ్ళకి ఆసక్తి ఉన్నా లేకపోయినా.

ఇంత ఖర్చూ పెట్టాక చూసేవాళ్ళెందరు? అప్పటి తెరల్లో చాలావాటి మీద అక్షరాలు తప్ప ఇంకేమీ కనపడవు. బొమ్మ చూడాలంటే ఉత్తరాన్ని దాచుకుని, వేషం విప్పి, బొమ్మలు చూపించగల కంప్యూటరుకి దాన్ని చేరవేసుకోవాలి. పెద్ద ఉత్తరాలు చాలా చోట్ల ముందుకు పోయేవి కావు కాబట్టి బొమ్మని ముక్కలు చేసి, ఐదులో ఒకటి, ఐదులో రెండు అని అంకెలు వేసి పంపేవారు. నాలుగో ముక్క దారిలో తప్పిపోతే మిగతా నాలుగూ వృథా.

ఎవరి వీధి వారిది

అలాగని యూజ్‌నెట్‌లో బొమ్మలే ఉండకూడదని ఎవరూ అనలేదు. వాటికంటూ ఒక చోటు పెట్టారు. అసలు ఈ మర్యాదకి ప్రాణం అక్కడుంది.

1986, 87 సంవత్సరాల్లో గుంపుల పేర్లన్నీ మార్చి కాంప్, మిస్క్, న్యూస్, రెక్, సై, సాక్, టాక్ అని ఏడు వీధులుగా సర్దారు. అలా సర్దడానికి ఒక కారణం డబ్బే. సముద్రం దాటించే ఖర్చు భరించే యూరప్ వాళ్ళు, మాకు పనికొచ్చేవి మాత్రమే తీసుకుంటాం, ఊసుపోక కబుర్లకి మేం కట్టం అన్నారు. పేరుని బట్టి ఏరుకునే వీలుండాలి. ఈ ఏడు వీధుల పెత్తనం నచ్చనివాళ్ళు 1987లో ఆల్ట్ అని ఎనిమిదో వీధి తెరిచారు. బ్రయన్ రీడ్, జాన్ గిల్మోర్, గార్డన్ మాఫెట్ దానికి మూలపురుషులు. ఆ వీధిలోనే తర్వాత ఆల్ట్.బైనరీస్.పిక్చర్స్ గుంపులు వెలిశాయి.

బైనరీస్ అన్న మాట పేరులో ఉంటే దాని బరువు ఎంతో కంప్యూటరు నడిపేవాడికి ముందే తెలుస్తుంది. భరించగలిగితే తెప్పించుకుంటాడు, లేకపోతే వద్దంటాడు. కానీ తోటపని గుంపులోకి ఫోటో వస్తే? ఆ గుంపుని అతను అక్షరాల గుంపని నమ్మి తెప్పించుకున్నాడు. వద్దనే అవకాశం ఇవ్వకుండా బరువు అతని నెత్తిన పడింది. అసలు తప్పు బొమ్మ పంపడం కాదు, పేరు ఇచ్చిన మాట తప్పడం.

ఈ కట్టుబాటు రెండో వైపు నుంచి కూడా పనిచేసింది. బొమ్మల గుంపులో కబుర్లు చెప్పకూడదు. ఈ బొమ్మ బాగుంది, నాకు మూడో ముక్క అందలేదు, లాంటి మాటలకి కొన్ని బొమ్మల గుంపుల పక్కనే, పేరు చివర ‘డి’ అక్షరం తగిలించిన చర్చా గుంపులుండేవి. నిజంగా తోటపని మిత్రులకి పువ్వు చూపించాలంటే మర్యాదైన పద్ధతి ఇది: బొమ్మని బొమ్మల గుంపులోనో, ఎఫ్‌టీపీ సర్వరులోనో పెట్టి, ఫలానా చోట ఫలానా పేరుతో ఉంది, కావలసినవాళ్ళు తెచ్చుకోండి అని ఇక్కడ ఒక లైను రాయాలి. ఇంకా మర్యాదస్థులు ఆ పువ్వు రంగు, రేకుల సంఖ్య, ఆకు తీరు మాటల్లో వర్ణించేవారు. చూడలేనివాళ్ళు కూడా చర్చలో ఉండాలి కదా.

1995 అక్టోబరులో ఇంటెల్ సంస్థలో పనిచేసే శాలీ హాంబ్రిడ్జ్ ఈ మర్యాదలన్నీ కూర్చి ఆర్‌ఎఫ్‌సీ 1855 అనే పత్రంగా రాసింది. ఉత్తరంతో పంపే ఫైలు 50 కిలోబైట్లు దాటకపోతే మంచిదని అందులో ఒక సూచన ఉంది. అప్పటికి మోడెములు ఎన్నో రెట్లు వేగం పుంజుకున్నాయి, చాలాచోట్ల ఫోను బదులు శాశ్వతమైన తీగలు వచ్చేశాయి. అయినా మర్యాద పోలేదు. ఎందుకంటే ఇంకో ఖర్చు మిగిలే ఉంది.

న్యూస్ ఉంచే డిస్కుకి ఒక హద్దుంటుంది. కొత్త ఉత్తరాలు వస్తుంటే పాతవి చెరిగిపోతుంటాయి. గుంపులన్నీ ఒకే డిస్కులో ఉన్నచోట, బొమ్మలు ఎక్కువైతే పది రోజులు ఉండాల్సిన మాటలు నాలుగు రోజులకే పోతాయి. అంటే ఫోటో పంపినవాడు ఫోను బిల్లు మాత్రమే కాదు, పక్కవాడి జ్ఞాపకాన్ని కూడా వాడుకుంటున్నాడు. ఈ లెక్క తెలిశాక ఆ పాత తిట్లు చదివి నవ్వడం మానేశాను.

మన అక్షరం బొమ్మేనా?

ఇప్పుడు రెండో సంగతి. ‘అక్షరాలు మాత్రమే’ అన్న నియమంలో అక్షరాలంటే ఎవరి అక్షరాలు?

దారులన్నీ ఏడు బిట్ల ఆస్కీకి కట్టినవి. 128 స్థానాల్లో ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ గుర్తులూ పోగా ఇంకెవరికీ చోటు లేదు. మన అందరికీ ఈ ఇబ్బంది వచ్చింది. రష్యన్లు తమ కోయి8 సంకేతాలని ఒక ఉపాయంతో కూర్చుకున్నారు. దారిలో ఎనిమిదో బిట్టు ఊడిపోయినా, రష్యన్ అక్షరం స్థానంలో దాదాపు అదే ధ్వని ఉన్న ఇంగ్లీషు అక్షరం మిగులుతుంది. అక్షరం పోయినా మాట చదవగలం.

తెలుగువాళ్ళు ఇంకో తోవ పట్టారు. 90ల మొదట్లో అమెరికాలో చదువుకుంటున్న మనవాళ్ళు సాక్.కల్చర్.ఇండియన్.తెలుగు గుంపులో చేరారు. రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ ఆర్‌టీఎస్ పద్ధతికి, దాన్ని తిరిగి తెలుగు లిపిలోకి మార్చే రిట్ ప్రోగ్రాముకి రూపం ఇచ్చారు. చిన్న ‘టీ’ కొడితే త, పెద్ద ‘టీ’ కొడితే ట. చిన్న ‘ఎల్’ అయితే ల, పెద్దదైతే ళ. ఇంగ్లీషువాడికి కొన్నిచోట్ల తప్ప అక్కరలేని పెద్దబడి అక్షరాలని మనవాళ్ళు మూర్ధన్యాలకి వాడుకున్నారు.

తెలుగు లిపిని తెలుగు లిపిలాగే చూపించాలంటే ఆ గుంపులో దారేది? అచ్చు తీసి, స్కాన్ చేసి, బొమ్మగా పంపాలి. బొమ్మలు పంపకూడదు. అంటే ఆ మర్యాద ప్రకారం మన అక్షరమాల ఒక బొమ్మ. పువ్వు ఫోటోకి ఏ నియమమో ‘అ’ అక్షరానికీ అదే నియమం.

1992లో బెల్‌కోర్‌లో నెథానియల్ బోరెన్‌స్టైన్, ఆయనతోపాటు నెడ్ ఫ్రీడ్ రూపొందించిన మైమ్ ప్రమాణం దీనికి జవాబు. ఆ ఏడు మార్చి 11న బోరెన్‌స్టైన్ పంపిన ఈమెయిలుకి తన పాటల బృందం ఫోటో, ఆ బృందం పాడిన పాట జతగా వెళ్ళాయి. ఇవాళ మనం అటాచ్‌మెంటు అని పిలిచేదానికి అదే మొదలని చెబుతారు. ఎప్పటికైనా మనవలు పుడితే వాళ్ళ ఫోటోలు మెయిల్లో చూడాలనుకున్నానని ఆయన తర్వాత చెప్పుకున్నాడు. ఈ కథ అందరూ చెప్తారు. అదే ప్రమాణంలో, ఈ ఉత్తరం ఫలానా లిపి సంకేతాల్లో ఉంది అని చెప్పే వీలు కూడా ఉందన్న సంగతి అంతగా చెప్పరు. బొమ్మలూ, ఇంగ్లీషు కాని లిపులూ ఒకే తలుపులోంచి లోపలికొచ్చాయి. అంతకుముందు ఆ తలుపు మూసి ఉన్నప్పుడు కూడా రెండూ కలిసే బయట నిలబడ్డాయి.

ఆ మర్యాద అన్యాయమైనదా మరి? సులువుగా అవునని అనలేను. 1995లో మన దేశంలో ఇంటర్నెట్ వచ్చినప్పుడు బొమ్మలు చూపించే ఖాతా ఏడాదికి 15,000 రూపాయలు. విద్యార్థులకిచ్చే షెల్ ఖాతా 500. ఆ 500 రూపాయల ఖాతాలో అక్షరాలు తప్ప ఏమీ రావు. ఆ కుర్రవాడు అమెరికాలో ఉన్నవాళ్ళతో సమానంగా కూర్చుని వాదించగలిగాడంటే, అందరూ అక్షరాలకే కట్టుబడడం వల్ల. పేద పాఠకుణ్ణి కాపాడిన నియమమూ అదే, మన లిపిని బయట నిలబెట్టిన నియమమూ అదే. ఇందులో ఒకటి చెప్పి ఇంకోటి దాచడం సరికాదు.

మిగిలినవి

టొరంటో విశ్వవిద్యాలయంలో హెన్రీ స్పెన్సర్ అనే ఆయన 1981 నుంచి పదేళ్ళపాటు యూజ్‌నెట్ ఉత్తరాలని 141 టేపుల్లో దాచాడు. 1995లో డేజాన్యూస్ వచ్చి అప్పటినుంచీ వస్తున్నవి భద్రపరిచింది, బొమ్మల్ని మాత్రం వదిలేసింది. 2001లో ఇవన్నీ గూగుల్ చేతికి చేరాయి. 2024 ఫిబ్రవరిలో గూగుల్ కొత్త ఉత్తరాలు తీసుకోవడం ఆపేసింది, పాతవి చదువుకోవచ్చు.

అలా మిగిలినవాటిలో తెలుగువాళ్ళ ఉత్తరాలు నేను చదివాను. ఛందస్సు మీద, వంటల మీద, సినిమాల మీద, రాజకీయాల మీద వాదనలు. ఒక రాత్రి కూర్చుని ఆర్‌టీఎస్‌ని యూనికోడ్ తెలుగులోకి మార్చే చిన్న ప్రోగ్రాము రాసుకున్నాను. నలభై లైన్లు కూడా లేదు. నడిపితే ముప్ఫై ఏళ్ళనాటి పద్యాలు తెర మీద తెలుగులో కనిపించాయి, ట ట గానే, త త గానే. ఆ రోజుల్లో లిపి మీద పట్టుబట్టి బొమ్మలుగా పంపి ఉంటే ఇవాళ ఒక్క అక్షరం కూడా మిగిలేది కాదు. బొమ్మలు దాచినవాళ్ళే లేరు.

ఇప్పుడు మన తెలుగు ఎవరి వేషమూ వెయ్యక్కర్లేదు. ఫోనులో తెలుగు కీబోర్డుంది. అయినా నేనున్న ఒక సాహిత్య బృందంలో పద్యమొస్తే గులాబీల మీద అచ్చేసిన బొమ్మగా వస్తుంది, వ్యాసమొస్తే పేజీ ఫోటోగా వస్తుంది. కిందటేడు అందులో చూసిన ఒక జ్ఞాపక వ్యాసం కోసం ఈమధ్య గంటసేపు వెతికాను. రచయిత పేరు గుర్తుంది, రెండు వాక్యాలు కూడా గుర్తున్నాయి. వెతుకుడు పెట్టెలో ఏం కొట్టినా దొరకలేదు. అది ఫోటో. 1993నాటి వాదన రెండు నిమిషాల్లో దొరికిన నాకు, పోయినేటి వ్యాసం దొరకలేదు. చూపులేక ఫోను చదివి వినిపిస్తే వినే ఒక మిత్రుడికైతే ఆ బృందంలో సగం రోజులు నిశ్శబ్దమే.

అందుకని ఫోటోలు ఎక్కువ పంపే ఒక పెద్దాయనకి ఫోను చేశాను. తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. యూజ్‌నెట్ కథంతా చెప్పి, “వీలైతే టైపు చేసి పెట్టండి మాస్టారూ” అన్నాను.

ఆయన ఓపిగ్గా విన్నారు. “నువ్వు చెప్పింది బాగానే ఉంది బాబూ. ఒక్క ఒత్తు కొట్టాలంటే నాలుగుసార్లు తప్పు పడుతుంది నాకు. వేళ్ళు వణుకుతాయి. కాయితమ్మీద రాసి ఫోటో తీస్తేనే ఏదన్నా చెప్పగలను. అదీ వద్దంటే ఊరుకుంటాను” అన్నారు.

నేనేం మాట్లాడలేకపోయాను. అక్షరాలే పంపాలన్న నియమం ఒకప్పుడు మా బోటి కుర్రవాళ్ళ కోసం పుట్టింది. అదే నియమం పట్టుకుని నేనిప్పుడు ఆయన్ని బయట నిలబెట్టబోయాను.

పాత యూజ్‌నెట్ మనుషులు అడిగిన ప్రశ్న ఒక్కటే: ఈ బరువు ఎవరు మోస్తున్నారు, వాళ్ళని అడిగావా? మాస్టారి విషయంలో ఆ బరువు నేను మొయ్యగలను. ఇప్పుడు ఆయన పేజీ ఫోటో రాగానే, బృందంలో దాని కిందే ఆ పేజీ మొత్తం టైపు చేసి పెడుతున్నాను. పేజీకి పావుగంట పడుతుంది. మొన్న మా చూపులేని మిత్రుడు మొదటిసారి మాస్టారి రాతకి జవాబు రాశాడు, ఒక యతి దగ్గర అభ్యంతరం చెబుతూ. మాస్టారు వెంటనే కాయితం తీసి, రాసి, ఫోటో పంపారు. అది ఇంకా టైపు చెయ్యాలి.